ఉపేంద్రనాథ బ్రహ్మచారి

ఆంటిమొని వెండివలె మెరయు మూలకము. కాని సుత్తితో కొట్టిన పొడియై రాలును. దాని గంధక సమ్మేళనమును పూర్వులు మెత్తగ నూరి సురమాగ కన్నులకు పెట్టుకొనిరి. తాను పెళుసైనదయ్యును, సీసముతో కలిసినప్పుడు దానికి గట్టిదనము నొసగును. సీసము, తగరము, ఆంటిమొని కలిపి కరగించిన లోహముతోనే చిరకాలము అచ్చుటక్షరములను పోతపోసిరి. అయినను ఆంటిమొని దేహమునకు విషము. ఆ విషమునే ఔషధముగ మార్చి అసంఖ్యాకులగు రోగులను బ్రదికించిన మహనీయుడు ఉపేంద్రనాథ బ్రహ్మచారి.

ఆయన 1873వ సంవత్సరమున బీహారులోని జమాల్పూరునందు జన్మించెను. తండ్రి రైల్వే వైద్యుడు. ఉపేంద్రనాథుడు తొలుత గణితమును, రసాయన శాస్త్రమును అభ్యసించి, పిదప వైద్యవిద్యయందు పట్టభద్రుడయ్యెను. 1905లో కలకత్తాలోని కాంప్‌బెల్ వైద్య పాఠశాలలో అధ్యాపకుడుగ చేరెను.

ఆ కాలమున కాలా ఆజారు అను జ్వరము వంగ, అస్సాము దేశములలో ఊళ్లకు ఊళ్లను పాడుపెట్టుచుండెను. ఈ వ్యాధి సోకినవారికి జ్వరము నెలల తరబడి విడువదు, ప్లీహము ఉబ్బును, రక్తము క్షీణించును, చర్మము నల్లబడును. చికిత్స లేనిచో నూటికి తొంబదిమంది మరణించుచుండిరి. 1897లో సికింద్రాబాదునందు మలేరియా రహస్యమును ఛేదించిన రోనాల్డు రాసు సహితము దీనిని మలేరియాయే యని భ్రమపడెను. తుదకు 1903లో ఇంగ్లండునందు లీష్‌మన్, మదరాసునందు డోనవన్ ఈ వ్యాధిక్రిమిని వేరువేరుగ గుర్తించిరి.

శత్రువు తెలిసెను, ఆయుధము దొరకలేదు. 1915 నుండి టార్టారు ఎమెటిక్ అను ఆంటిమొని లవణమును సూదిమందుగ ఇచ్చుచుండిరి. అది క్రిమిని చంపెడిది గాని, రోగిని వాంతులతో బాధించెడిది. చికిత్స నెలల తరబడి సాగెడిది. క్రిమికి మాత్రమే విషమై, రోగికి హితమగు ఆంటిమొని సమ్మేళనము కావలసియుండెను.

ఉపేంద్రనాథుని పరిశోధనాలయము ఒక ఇరుకు గది. అందు నీటి కొళాయి లేదు, గ్యాసు లేదు, విద్యుద్దీపము లేదు. రాత్రులు కిరసనాయిలు దీపపు వెలుగున ఆయన సమ్మేళనము వెంట సమ్మేళనమును తయారుచేసి పరీక్షించెను. 1920లో ఒక ఆంటిమొని సమ్మేళనమును యూరియాతో సంయోగపరచి యూరియా స్టిబమీను అను మందును సాధించెను. నెలలు పట్టు చికిత్స కొలది వారములలో ముగియసాగెను. ఎనిమిదిమంది రోగుల చికిత్సా ఫలితములను 1922లో ప్రకటించెను. అంతటితో తృప్తిచెందక, జ్వరము నయమైన పిమ్మట కొందరి చర్మముపై తలయెత్తు వికారమును గూడ పరిశీలించి లోకమునకు తెలిపెను.

1929లో ఆయన పేరు నోబెల్ బహుమానమునకు ప్రతిపాదింపబడెను గాని, ఆ బహుమానము లభింపలేదు. 1934లో సర్ బిరుదము వచ్చెను. 1946 ఫిబ్రవరి 6వ తేదీన ఆయన దివంగతుడయ్యెను.

కాలక్రమమున ఆ క్రిమి ఆంటిమొనిని తట్టుకొన నేర్చినది. వేరు మందులు వచ్చినవి. అయినను నాడు వేరు దిక్కులేని రోగులకు ఆ ఇరుకు గదియే ప్రాణదానము చేసెను. ఒకే పదార్థము అజ్ఞాని చేతిలో విషము, వివేకి చేతిలో అమృతము. ఆ వివేకము గొప్ప భవనములవలన గాక, దీక్షవలన కలుగునని ఉపేంద్రనాథుని జీవితము తెలుపుచున్నది.