మహలఖా బాయి చందా

నేటి మన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో, మౌలాలి కొండ పాదమున, ఒక తల్లీకూతుళ్ళ సమాధులున్నవి. ఆ కూతురే చందా బీబీ. 1768లో జన్మించి, నిజాం అలీఖాను కాలమున హైదరాబాదు దర్బారులో ఆటపాటలకు పెట్టినది పేరుగా వెలసెను. చంద్రముఖి యను అర్థముగల మహలఖా బాయి యను బిరుదమును, జాగీరులను పొందెను. విలువిద్య నేర్చి, ప్రభువు వెంట యుద్ధయాత్రలకును వెళ్ళెను. తల్లి రాజ్ కన్వర్ బాయికి 1792లో సమాధి కట్టించెను. 1824లో కన్నుమూసి, తానును అచటనే తల్లి చెంత విశ్రమించెను.

కంఠస్వరమును పట్టియుంచు యంత్రము ఆనాడు లేదు. ఆ గానము గాలిలో కలిసినది. ఆ నాట్యమును చూచిన కన్నులు మట్టిలో కలిసినవి. అయితే ఆమె చందా యను పేర ఉర్దూ గజళ్ళు రచించెను. 1799 అక్టోబరు 1వ తేదీన, ఒక నాట్యప్రదర్శన నడుమ, తన గజళ్ళ వ్రాతప్రతిని మాల్కం అను ఆంగ్లేయ అధికారికి బహూకరించెను. ఆనాటి నాట్యము ఆనాటితోనే ముగిసినది. ఆ ప్రతి మాత్రము లండను నగరపు గ్రంథాలయమున నేటికిని భద్రముగా నున్నది.

పాఠకులారా! ఏటేట చందా కట్టి పుస్తకములను కాపాడుచున్న మనము, పుస్తకము కాపాడిన ఈ చందాను మరువరాదు.