మిఖాయిల్ గ్లింకా

రుష్యా దేశపు సంగీతమునకు మూలపురుషుఁడని పేరొందిన మిఖాయిల్ గ్లింకా 1804వ సంవత్సరము జూన్ 1వ తేదీని స్మొలెన్స్క్ ప్రాంతములోని నొవొస్పాస్కొయె గ్రామమున నొక భూస్వామి యింట జన్మించెను. శైశవమున నతనిఁ బెంచిన నాయనమ్మ చలిగాలికి వెఱచి, బాలుని మిక్కిలి వెచ్చనైన గదిలో నుంచి బయట తిరుగనీయకుండెను. అయినను చర్చి గంటల మ్రోఁత యా గదిలోనికిఁ బ్రవేశించి యతనికిఁ దొలి సంగీతపాఠమయ్యెను. బాలుఁడు రాగిపాత్రలను వాయించి యా గంటల ధ్వని ననుకరించుచుండెడివాఁడు. దాది పాడు పల్లెపాటలు రెండవ పాఠము.

సమీపమున నుండిన మేనమామకు సొంత వాద్యబృందము కలదు. ఆ వాద్యగాండ్రు భూమితోపాటు యజమానునకు బద్ధులైన దాసులు. పది పదునొకండేండ్ల ప్రాయమున వారి వాద్యమును వినిన గ్లింకా మఱునాఁడు చిత్రలేఖన పాఠమునందు మనసు నిలుపలేక గురువుచే మందలింపఁబడెను.

పిమ్మట నతఁడు పీటర్స్‌బర్గు నగరములోని గొప్పయింటి బాలుర వసతిపాఠశాలలో 1822 వఱకు చదివెను. ఐర్లండు దేశపు విద్వాంసుఁడైన జాన్ ఫీల్డ్ యొద్ద పియానోలో మూఁడు పాఠములు మాత్రము లభించెను. 1824లో రహదారుల శాఖలో నుద్యోగమునఁ బ్రవేశించి, తీరిక వేళల సంగీతము సాధన చేయుచు, 1825లో వయోలాకును పియానోకును గలిపి యొక కృతిని వ్రాయ నారంభించెను. వయోలా యనునది ఫిడేలుకంటె కొంచెము పెద్దదై, అంతకంటె మంద్రముగాఁ బలుకు వాద్యము. ఈ కృతిలోని రెండు వాద్యముల పాలును గ్లింకా స్వయముగా వాయించెడివాఁడు.

ఆనాఁటి పియానో నేఁటిదానివంటిది కాదు. దాని చట్టము ముఖ్యముగాఁ గొయ్యతోఁ జేయఁబడినది, తీఁగెలు సన్ననివి, సుత్తులకుఁ దోలు తొడిగెడివారు. స్వరము స్పష్టముగాఁ బలికి త్వరలో నణఁగెడిది. వయోలా తంతులు గొఱ్ఱె ప్రేఁగులతోఁ జేసినవి. కావున నా రెండు వాద్యములు సమానులైన యిద్దఱు మిత్రులవలె సంభాషింపఁగలిగెను. ఇనుపచట్టముగల నేఁటి పెద్ద పియానో యెదుట వయోలా స్వరము మునిఁగిపోవుట సులభము.

1828లో రెండవ భాగము వ్రాసి, ముగింపుదాఁక రాకమునుపే గ్లింకా దానిని విడిచెను. మూఁడవ భాగమునకుఁ దలఁచిన రుష్యా బాణీని కాగితముమీఁదఁ బెట్టలేదు; అది పెక్కేండ్లకుఁ బిల్లలకై వ్రాసిన యొక నాట్యగీతములోఁ జేరెను.

ఆ 1828లోనే యుద్యోగము విడిచి, 1830లో ఇటలీ కేఁగెను. అక్కడివారి ఫక్కిని వ్రాయఁగలిగియు, అది తన హృదయభాష కాదని గ్రహించెను. 1833లో బెర్లినునకుఁ బోయి, డేన్ అను గురువు నాశ్రయించి, ఇరువదితొమ్మిదవ యేఁట సంగీతశాస్త్రమును మొదటినుండి క్రమముగా నభ్యసించెను. తండ్రి మరణవార్తచే 1834లో స్వదేశమునకు మరలి, 1836లో చక్రవర్తికై ప్రాణమిచ్చిన రైతు కథను సంగీతనాటకముగాఁ బ్రదర్శింపఁజేసెను. కొందఱు ప్రభువులది బండివాండ్ర సంగీతమని పరిహసించినను దేశము దాని నాదరించెను. 1842లోని రెండవ నాటకమున కంతటి యాదరము లభింపలేదు. 1856లో ప్రాచీన చర్చి గానమును శోధించుటకై మరల డేన్ కడకే శిష్యుఁడై వెళ్లి, 1857 ఫిబ్రవరి 15న బెర్లినులోనే మరణించెను.

వయోలా కృతి శతాబ్దము వఱకు నచ్చుపడలేదు. మాస్కోలోని వయోలా విద్వాంసుఁడు వదీమ్ బొరిసోవ్‌స్కీ రెండవ భాగపు లోపమును బూరించి 1932లో దానిని బ్రకటించెను. ఇటీవల కొందఱు వాద్యకారులు పాత పియానోలను బాగుచేసియు, వాని మాదిరిగాఁ గ్రొత్తవి చేయించియు, ప్రేఁగుతంతుల వయోలాతో నాకాలపు సంగీతమును వినిపించుచున్నారు. అట్టి వాద్యములపై నీ కృతిని విన్నచో, గ్లింకా చెవికి దోఁచిన సంభాషణకు మనము మఱికొంత సమీపింతుము.

విద్యార్థులారా! నడుమ విడిచిన పనిని నూఱేండ్లకైన నెత్తి పూర్తిచేయు చేయి గ్లింకాకు లభించెను. అందఱికి నది లభింపదు. కాని దేశమంతయు మన్నించిన పిమ్మటఁ గూడ నేఁబదిరెండవ యేఁట గురువునొద్ద మరలఁ గూర్చుండిన యతని వినయము మన కందఱకును సాధ్యమే.