యల్లాప్రగడ సుబ్బారావు: ఎంజైమును వంచించిన ఔషధము

బోధనులో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచిన కాలమున చెరకు రైతులెరిగిన సంగతి యొకటి కలదు. నరికిన గడ మిల్లు చేరుట ఆలస్యమైన కొలదీ అందలి చక్కెర తరిగిపోవును. గడలోనే ఉన్న ఇన్వర్టేజు అను ఎంజైము దానిని గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా చీల్చుటయే ఇందుకు ముఖ్యకారణము. ఎంజైమనగా వందలకొలది అమైనో ఆమ్లముల గొలుసు. అయినను కత్తివాదరవలె చీల్చు పని ముఖ్యముగా రెండింటిదే: ఒక ఆస్పార్టిక్ ఆమ్లము, ఒక గ్లుటామిక్ ఆమ్లము. మన శరీరములోని ఎంజైములకును అట్టి కీలకస్థానములున్నవి. వానిలో ఒకదానిని బంధించు మందు ఒక తెలుగు వైద్యుని ప్రయోగశాలనుండి వెలువడినది.

సుబ్బారావుగారు 1895లో భీమవరములో జన్మించినారు. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నమున గాని దక్కలేదు; విద్యార్థులు ఈ మాట గమనింతురు గాక. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహమునకు గురియైనారు, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాయే లభించినది. అన్న పురుషోత్తముగారిని స్ప్రూ అను గ్రహణివ్యాధి బలిగొన్నది. 1922లో బోస్టను చేరి, హార్వర్డులో ఫిస్కెతో కలిసి భాస్వరమును కొలుచు పద్ధతిని, పిదప కండరములలోని ఫాస్ఫోక్రియాటినును, ఏటీపీని లోకమునకు తెలిపినారు. అంత చేసినను అచ్చట స్థిరమైన పదవి దొరకలేదు.

1940లో లెడర్లే సంస్థలో చేరినారు. 1945లో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. అది స్ప్రూకు మందు. అన్నగారికి అందని మందు!

ఫోలిక్ ఆమ్లము శరీరమునకు ఉపయోగపడవలెనన్న ఒక ఎంజైము దానికి హైడ్రోజను చేర్చవలెను. ఆ ఎంజైము గుంటలో ఋణవిద్యుత్తు గల గ్లుటామిక్ ఆమ్లము ఒకటి కూర్చుండి, ఫోలేటును సరియైన భంగిమలో పట్టి నిలిపి, ప్రోటాను అందుటకు తోడ్పడును. ఈ పని ఆగినచో కణములు క్రొత్త డి.ఎన్.ఏ. కూర్చుకొనలేవు. సుబ్బారావుగారి బృందము ఫోలిక్ ఆమ్లములో ఒక ఆక్సిజను స్థానమున అమైనో సమూహమును చేర్చి అమైనోప్టెరినును సృష్టించినది. ఆ చిన్న మార్పుచేత గ్లుటామిక్ ఆమ్లము దానిని వేలరెట్లు గట్టిగా పట్టుకొనును. ఇక అసలు ఫోలేటుకు చోటేది? ఎడతెగక విభజించు కాన్సరు కణము కుంటుపడును.

బోస్టనులో సిడ్నీ ఫార్బరు రక్తకాన్సరు పిల్లలకు ఈ మందిచ్చి, 1948లో ఫలితములు ప్రకటించినారు. 16 మందిలో 10 మందికి వ్యాధి తగ్గుముఖము పట్టినది, తాత్కాలికముగానే. ఆ యేటి ఆగస్టులో సుబ్బారావుగారు 53 ఏండ్ల ప్రాయమున న్యూయార్కులో మరణించినారు.

తమ మందును పట్టుకొన్న అమైనో ఆమ్లమేదో ఆయన ఎరుగరు. అమైనోప్టెరినుకు దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేటు ఒక సూక్ష్మజీవి ఎంజైములో చిక్కియున్న తీరును 1977లో ఎక్స్-కిరణములు చూపినవి. అచ్చట దానిని పట్టుకొన్నది ఆస్పార్టిక్ ఆమ్లము. మనుష్యులలో ఆ స్థానము గ్లుటామిక్ ఆమ్లమునది. మెథోట్రెక్సేటును పిల్లల రక్తకాన్సరుకు, కీళ్లవాతమునకు వైద్యులు నేటికిని వాడుచున్నారు.