హేండెల్ మహాశయుడును బృందగానమును

క్రిస్మస్ దినములు సమీపించినపుడు గానబృందములవారు అభ్యసించు హల్లెలూయ గానమును వినని పాఠకులు మనలో అరుదు. దానిని కూర్చినవాని చరిత్రము నిచట కొంత వ్రాయదలచితిమి. ఆయన వాద్యనైపుణ్యమును గూర్చి యనేకులు వ్రాసియున్నారు. పలువురు గూడి పాడుటయందు ఆయనకుగల ప్రీతిని గూర్చియే మేము ముఖ్యముగా జెప్పెదము.

జార్జి ఫ్రెడరిక్ హేండెల్ 1685వ సంవత్సరము ఫిబ్రవరి 23వ తేదీని జర్మనీ దేశమందలి హాలె పట్టణమున జన్మించెను. తండ్రి క్షౌరమును శస్త్రవైద్యమును జేయువాడు. కుమారుడు న్యాయశాస్త్రము చదువవలెనని ఆయన కోరిక. (నేటి తండ్రుల కోరికలును ప్రాయికముగా నిట్టివే!) అయినను బాలుడు సంగీతమునే యాశ్రయించి, హాంబర్గునందును ఇటలీయందును కొంతకాలముండి, తుదకు లండను నగరమున స్థిరపడెను.

అచ్చట ఇటలీభాషలో సంగీతనాటకములు రచించి కీర్తి గడించెను. కాని యా నాటకములలో బృందగానమునకు చోటు స్వల్పము. ధనికులు వచ్చునది ప్రసిద్ధ గాయకుల నొక్కొక్కరిని వినుటకే. 1727లో ఇద్దరు గాయనీమణుల పక్షములవారు నాటకశాలలోనే కలహించిరి. ఆ యేటనే రెండవ జార్జిరాజు పట్టాభిషేకమునకు హేండెల్ నాలుగు బృందగానములు కూర్చెను. వానిలో సాదోకు యాజకుని గూర్చిన గానము 2023వ సంవత్సరపు పట్టాభిషేకమునందును వినబడినది. మొదట వాద్యములు మెల్లమెల్లగా పెరుగుచుండ, గాయకులు చాలసేపు మౌనముగా నిలిచి, పిమ్మట నందరు నొక్కమారుగా కంఠమెత్తుదురు. విన్నవారు దానిని మరువజాలరు.

1737లో పక్షవాతము సోకి ఆయన కుడిచేయి చెడెను. స్వస్థుడైన పిమ్మట 1739లో ఐగుప్తులో ఇశ్రాయేలీయులను గూర్చి, దాదాపు బృందగానములతోనే నిండిన గ్రంథమును ప్రదర్శించెను. లండను వారికది రుచింపలేదు. రెండవమారు దానిని కుదించి, నడుమ ఒంటరిపాటలు చేర్పవలసివచ్చెను. ఇది ఆయనకెంత కష్టముగా నుండెనో ఊహింపవచ్చును. ఆ గ్రంథమే నేడు ఆయన కృతులలో మిక్కిలి గౌరవింపబడుచున్నది.

1741లో మెస్సీయా గ్రంథమును ఇరువదినాలుగు దినములలో ముగించి, డబ్లిను నగరమునకు బయలుదేరెను. గాలి అనుకూలింపక చెస్టరు పట్టణమున నిలిచిపోయి, ఆ యూరి గాయకులను రప్పించి బృందగానములను పరీక్షించెను. వారిలో అచ్చుపనివాడొకడు చూచి పాడగలనని ఒప్పుకొని పలుమారులు తప్పెను. హేండెల్ మండిపడగా, చూచి పాడగలనంటిని గాని మొదటి చూపులోనే యని యనలేదని యతడు విన్నవించెనట! అప్పుడచ్చటి పాఠశాలలో చదువుచుండిన బర్నీ యను బాలుడు తరువాత దీనిని వ్రాసియుంచెను.

1742 ఏప్రిల్ 13న డబ్లినులో రెండు ప్రధానదేవాలయముల గాయకులు కూడి మెస్సీయాను పాడిరి. స్థలము చాలదని, స్త్రీలు వలయములుగల పావడలు లేకయు, పురుషులు కత్తులు లేకయు రావలెనని ముందే ప్రకటించిరి. సుమారు 700 మంది వచ్చిరి. వచ్చిన ధనమును రెండు వైద్యశాలలకును, అప్పులకై చెరలోనున్న వారికిని పంచిరి. 142 మంది ఖైదీలు విడుదలయైరి.

1750లో లండనులోని అనాథశిశు శరణాలయమున మెస్సీయాను పాడించినపుడు, చోటులేక అనేకులు వాకిటనుండి మరలిపోయిరి. అందుచే పదునైదు దినములలో మరల పాడవలసివచ్చెను. నాటినుండి ఏటేట నది యచ్చట జరుగుచుండెను.

1751 ఫిబ్రవరిలో యెఫ్తా చరిత్రమును రచించుచు, రెండవ భాగాంతమందలి బృందగానము నడుమ ఆయన కలమాగెను. ఎడమకన్ను మిక్కిలి మందగించుటచే నిలుపవలసివచ్చెనని ఆ తేదీతో సహా ఆ పుటలోనే వ్రాసికొనెను. కొన్నిదినములకు మరల మొదలుపెట్టి, ఆగస్టు నెలాఖరునకు ముగించెను. పిమ్మట చూపు పూర్తిగా పోయినను, గానసభలకు వచ్చుట మానలేదు. 1759 ఏప్రిల్ 6న మెస్సీయాను విని, 14వ తేదీని కాలధర్మము నొందెను. ఆ గ్రంథపు శుభ్రప్రతి నొకదానిని, గాయకులకును వాద్యకారులకును వలయు భాగములన్నిటితోడను, ఆ శరణాలయమునకు మరణశాసనములో వ్రాసియిచ్చెను.