చెన్నారెడ్డికి సీటు మారింది, కౌలుదారుకు ఏం మారింది?

డాక్టర్ మర్రి చెన్నారెడ్డి రెండుసార్లు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. కేంద్రంలో ఉక్కు, గనుల మంత్రిగా, నాలుగు రాష్ట్రాలకు గవర్నరుగా పనిచేశారు. ఈ పదవులన్నిటికీ పునాది వేసినవి వికారాబాదు, తాండూరు పల్లెల ఓట్లు. ఆ ఓట్లు ఆయన్ని ఎక్కడికి చేర్చాయో అందరికీ తెలుసు. ఓటేసిన రైతుకూ కూలికీ ఏం దక్కిందనేదే మేము ఇక్కడ అడుగుతున్న ప్రశ్న.

ఆయన 1919 జనవరి 13న వికారాబాదు ప్రాంతంలోని సిరిపురంలో పుట్టారు. 1941లో వైద్యపట్టా పుచ్చుకున్నారు. కానీ ఆయన మనసంతా రాజకీయాల మీదే. స్టేట్ కాంగ్రెసులో పెద్ద నాయకుడైన కె.వి. రంగారెడ్డి ఆయనకు దగ్గరి బంధువు.

ఈ ప్రాంతం సంగతి కొంత చెప్పుకోవాలి. వికారాబాదు అన్న పేరే పైగా ప్రభువు వికారుల్ ఉమ్రాది. జాగీర్లు రద్దయింది 1949లో. తాండూరు తాలూకా 1956 దాకా గుల్బర్గా జిల్లాలో వుండేది. అందుకే అక్కడి సంతలో తెలుగూ, కన్నడమూ, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. తండాల్లో లంబాడీలున్నారు, నాపరాయి గనుల్లో కూలీలున్నారు. కందీ, జొన్నా వాన మీద ఆధారపడ్డ పంటలు. మూసీ పుట్టేది అనంతగిరి గుట్టల్లో. ఆ నీళ్లకు ఆనకట్ట కట్టి నిలిపింది మాత్రం పట్నం దాహం తీర్చే గండిపేటలో.

1952 ఎన్నికల్లో నల్లగొండ రైతాంగం పోరాట పక్షాన నిలిచి పి.డి.ఎఫ్.ను గెలిపించింది. వికారాబాదులో కాంగ్రెసు తరఫున చెన్నారెడ్డి గెలిచారు. బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంలో ముప్ఫయి మూడేళ్లకే వ్యవసాయ మంత్రి అయ్యారు. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం అప్పటికే అమల్లో వుంది. లక్షల మంది రక్షిత కౌలుదార్లుగా దస్త్రాల కెక్కారు. 1954లో ఆ చట్టాన్ని సవరించి 38-ఇ సెక్షను చేర్చారు. రక్షిత కౌలుదారుకు భూమి మీద యాజమాన్య హక్కు ఇచ్చే సెక్షను అది. కాగితం మీద మంచి చట్టమే. అయితే దాన్ని మొదట అమలు పెట్టింది ఖమ్మం వైపు. వికారాబాదు రైతు 1973 జనవరి 1 దాకా కాచుకోవలసి వచ్చింది. మధ్యలో గడిచింది పద్దెనిమిదేళ్లకు పైనే. ఈలోగా ఎంతమంది కౌలుదార్ల చేత భూములు వదిలించారో పల్లెల్లో ముసలివాళ్లు కథలుగా చెప్పేవారు.

1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకం చేసిన తెలంగాణ నాయకుల్లో చెన్నారెడ్డి ఒకరు. తెలంగాణ వ్యవసాయ భూముల అమ్మకాలు ప్రాంతీయ మండలి అదుపులో వుండాలన్న షరతు అందులో వుంది. రైతుకు పనికొచ్చే షరతే. కానీ భూమి కొనేవాడి నుంచి రైతును కాపాడాలనుకున్నవారు, కౌలుదారును ఊళ్లోని దొర నుంచి కాపాడటంలో అంత పట్టుదల చూపలేదు.

1957లో వికారాబాదు ద్విసభ్య నియోజకవర్గం. చెన్నారెడ్డితో పాటు షెడ్యూల్డు కులాల స్థానంలో అరిగె రామస్వామి గెలిచారు. 1961లో ద్విసభ్య స్థానాలు రద్దయ్యాక వికారాబాదు రిజర్వుడు స్థానమయింది. రామస్వామి అక్కడే నిలిచారు. చెన్నారెడ్డి పక్కనున్న తాండూరుకు మారి 1962లోనూ, 1967లోనూ గెలిచారు. దళిత కూలికి తనవాడు శాసనసభలో కూర్చోవడం చిన్న సంగతి కాదు. అయినా ఊళ్లో పటేలు పటేలుగానే వున్నాడు, భూమి దస్త్రం పట్వారీ చేతిలోనే వుంది. సీటు మారినంత తేలిగ్గా భూమి చేతులు మారదు.

1967లో ఆయన కేంద్ర మంత్రి అయ్యారు. ఏడాది తిరిగేసరికి తాండూరు ఎన్నికే ఎదురు తిరిగింది. వందేమాతరం రామచంద్రరావు వేసిన పిటిషను మీద హైకోర్టు ఆ ఎన్నికను అక్రమ పద్ధతుల కింద కొట్టేసింది. సుప్రీంకోర్టు కూడా 1968లో దాన్నే ఖాయం చేసింది. మంత్రి పదవి పోయింది, ఆరేళ్లు పోటీకి అనర్హులయ్యారు.

పోటీకి దారి మూసుకుపోయిన మనిషి 1969లో తెలంగాణ ప్రజాసమితికి అధ్యక్షుడయ్యారు. ఉద్యమంలో వందలమంది చనిపోయారు, వారిలో విద్యార్థులే ఎక్కువ. 1971 లోక్‌సభ ఎన్నికల్లో జనం ప్రజాసమితికి తెలంగాణలో 10 స్థానాలిచ్చారు. అదే ఏడాది సెప్టెంబరులో సమితి కాంగ్రెసులో కలిసిపోయింది. 1974లో ఆయన ఉత్తరప్రదేశ్ గవర్నరు, 1978లో ముఖ్యమంత్రి. ఆ ఆగస్టు 15నే రంగారెడ్డి పేర కొత్త జిల్లా ఏర్పడి, వికారాబాదూ తాండూరూ అందులో చేరాయి.

ఆయన సమర్థుడే. మంచి వక్త. అధికారుల్ని పరుగులెత్తించే మనిషి. అది మేము కాదనం. 1996 డిసెంబరు 2న తమిళనాడు గవర్నరుగా వుండగానే కన్నుమూశారు. 2016లో వికారాబాదే జిల్లా కేంద్రమయింది. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు దొరికింది. కందికి పేరొచ్చింది, బాగుంది. కానీ ఆ కంది పండించేవారిలో కౌలుకు దున్నేవాడి పేరు నేటికీ చాలాచోట్ల ఏ కాగితం మీదా లేదు. 38-ఇ సర్టిఫికెట్ల మీద తగాదాలు కోర్టుల్లో నడుస్తూనే వున్నాయి. రేపు ఓటడగడానికి ఎవరొచ్చినా ఏ పదవి తెస్తారని కాక, దున్నేవాడి పేరు ఎప్పుడు రాయిస్తారని రైతులు అడగాలి. తేదీ చెప్పమనాలి.