మూలుగ మర్మం తెలిసిన మన సుబ్బారావు

నెల్లూరు తీరంలోని పల్లెల్లో బోదకాలు రాకుండా ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వచ్చి మింగించిన డీఈసీ మాత్ర చాలామందికి తెలుసు. కీళ్లవాతం ఉన్న నానమ్మకు వారానికి ఒక్కసారే వేసుకోమని డాక్టర్ రాసే మెథోట్రెక్సేట్, దానికి తోడుగా ఇచ్చే ఫోలిక్ యాసిడ్ కూడా ఎన్నో ఇళ్లలో ఉంటాయి. ఈ మూడు మందుల వెనకా ఉన్నది ఎల్లాప్రగడ సుబ్బారావు, ఆయన బృందం. మూడూ మన రోగనిరోధక అవయవాలతో ముడిపడినవే. ఇంట్లో పెద్దవాళ్లున్నవారు ఆయన కథ తెలుసుకోవాల్సింది అందుకే.

ఇంట్లోకి వచ్చిన జబ్బు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురయ్యారు. చివరికి ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ రోజుల్లోనే స్ప్రూ వ్యాధి ఆయన కుటుంబాన్ని కుంగదీసింది. ఈ జబ్బులో తిన్న తిండి ఒంటబట్టదు. విరేచనాలు, నీరసం, రక్తహీనతతో మనిషి చిక్కి శల్యమవుతాడు. ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాతో కన్నుమూశారు. ఆయనకూ అదే జబ్బు వచ్చింది. ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో బతికి బయటపడ్డారు.

1920ల తొలినాళ్లలో భార్య శేషగిరిని ఇక్కడే ఉంచి అమెరికా వెళ్లారు. మళ్లీ తిరిగి రాలేదు. పొట్ట గడవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేసే పని చేస్తూ హార్వర్డ్‌లో పరిశోధన సాగించారు. ఒంట్లో ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి 1925లో వచ్చింది. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు.

మూలుగకు మేత, కళ్లెం

రక్తకణాలు, రోగాలతో పోరాడే తెల్లకణాలు పుట్టేది ఎముక మూలుగలో. కొత్త కణం తయారవడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. దీన్ని 1945లో సుబ్బారావు బృందం ప్రయోగశాలలో తయారు చేసింది. అన్నదమ్ముల్ని బలిగొన్న స్ప్రూలో వచ్చే రక్తహీనతకు అది మందయింది.

ఆ తర్వాత ఫోలిక్ యాసిడ్‌ను పోలి ఉంటూ, దాని పనిని అడ్డుకునే పదార్థాలను అదే బృందం తయారు చేసింది. వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1947లో రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చారు. కొందరిలో జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గింది. మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే. కీళ్లవాతంలో మన రోగనిరోధక వ్యవస్థ మన కీళ్ల మీదే దాడి చేస్తుంది. తక్కువ మోతాదులో ఈ మందు ఆ దాడిని అణచుతుంది. మోతాదు మించితే మూలుగ పనే ఆగిపోతుంది.

లింఫు నాళాల్లో కాపురముండే ఫైలేరియా పురుగుల మీద పనిచేసే డీఈసీ కూడా ఆ రోజుల్లోనే వచ్చింది.

వయసు తెచ్చే మార్పు

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే సుబ్బారావు నిద్రలో కన్నుమూశారు. ఆయన వృద్ధాప్యం చూడలేదు. ఆయన మందులు వాడుతున్నవారిలో మాత్రం 70, 80 ఏళ్లవారు ఎందరో.

ఆ వయసుకు రోగనిరోధక అవయవాలు చాలా మారిపోతాయి. ఛాతీలోని థైమస్ గ్రంథి యవ్వనం నుంచే కుంచించుకుపోతూ కొవ్వుగా మారుతుంది. దాంతో కొత్త టి-కణాలు తగ్గుతాయి. మూలుగలోనూ కొవ్వు పెరుగుతుంది. లింఫు గ్రంథులు, ప్లీహం కొత్త సూక్ష్మజీవులకు నెమ్మదిగా స్పందిస్తాయి. మందును బయటికి పంపే కిడ్నీల జోరూ తగ్గుతుంది. అందుకే కుర్రవాళ్లు తట్టుకునే చిన్న పొరపాటు పెద్దవాళ్లకు ప్రాణం మీదికి రావచ్చు.

ఇవి మరవొద్దు

* మెథోట్రెక్సేట్ కీళ్లవాతానికి వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. ఆ రోజును క్యాలెండర్‌లో గుర్తు పెట్టి, మాత్ర ఇంట్లోవాళ్లే ఇవ్వాలి.
* నోటిపూత, జ్వరం, ఒంటిమీద నల్లటి మచ్చలు, ఆయాసం కనిపిస్తే వెంటనే డాక్టర్‌కు చూపించాలి. పెద్దల్లో ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. ఉన్నట్టుండి నీరసం, అయోమయం వచ్చినా అశ్రద్ధ వద్దు.
* కోట్రైమాక్సజోల్ వంటి యాంటీబయాటిక్స్, నొప్పి మాత్రలు సొంతంగా కొని వేయొద్దు.
* రక్తం, కాలేయం, కిడ్నీ పరీక్షలు డాక్టర్ చెప్పిన గడువుకు చేయించాలి. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి అడగాలి.