మేడమ్ వాకర్

సిద్దిపేట ప్రాంతమున బతుకమ్మ పండుగ వచ్చినదన్న తల్లులు తమ కూతుండ్రకు కుంకుడు రసముతో తలంటి, చిక్కు దీసి, జడలు వేయుదురు. జడ సొగసు కొఱకు మాత్రమే యేర్పడినది కాదు. అల్లిన వెండ్రుకలు చిక్కుపడవు. గాలికిని రాపిడికిని అంతగా తెగవు. మిక్కిలి బిగించినచో మాత్రము కుదుళ్లకు కీడు కలుగును.

ఆఫ్రికా ఖండపు స్త్రీలును ఈ మర్మమును పూర్వమే యెఱుగుదురు. వారి ఉంగరముల జుట్టు త్వరగా ఎండి, సులువుగా తెగును. కావున దానిని సన్నని పాయలుగా తలకు అంటునట్లు అల్లుకొనెడివారు. బానిసలుగా అమెరికాకు కొనిపోబడిన పిమ్మట వారికి తల దువ్వుకొను తీరికయే కఱవయ్యెను. పలువురు వారమంతయు జుట్టును దారములతో చుట్టి, పైని గుడ్డ కట్టుకొని పొలములలో పనిచేసి, ఆదివారమునాడు విప్పి దువ్వుకొనెడివారు. అట్టివారి వంశమున పుట్టి, కేశసంరక్షణము ద్వారా వేలకొలది స్త్రీలకు బ్రదుకుదెరువు చూపిన వనిత మేడమ్ వాకర్.

ఆమె మొదటి పేరు సారా బ్రీడ్‌లవ్. 1867వ సంవత్సరము డిసెంబరు 23వ తేదీన లూసియానా రాష్ట్రమందలి డెల్టా గ్రామమున జన్మించెను. తల్లిదండ్రులు ప్రత్తితోటలో బానిసలుగా నుండి విముక్తులైనవారు. ఆ యింట స్వేచ్ఛతో పుట్టిన తొలి బిడ్డ సారాయే. ఏడేండ్ల ప్రాయమున ఆమె అనాథయయ్యెను. పదునాలుగేండ్లకు వివాహమయ్యెను, ఇరువది యేండ్లకే భర్త గతించెను. పసిబిడ్డయైన కుమార్తెతో సెయింట్ లూయిస్ నగరమునకు పోయి, క్షౌరవృత్తిలోనున్న అన్నల యండ జేరెను. అచట బట్టలుదుకుచు, కుమార్తెను చదివించుకొనెను.

ఆ కాలమున పేదల యిండ్లలో నీటి వసతి లేకుండుటచే తలంటుకొనుట అరుదు. అందువలన తలచర్మమునకు వ్యాధులు సోకెడివి. సారా జుట్టును రాలిపోసాగెను. ఆమె సిగ్గుతో క్రుంగిపోయినను ఊరకుండలేదు. అన్నలయొద్ద కొన్ని మెలకువలు నేర్చెను. అనీ మలోన్ అను వర్తకురాలి లేపనములను ఇంటింట అమ్మెను. 1905లో డెన్వర్ నగరమునకు పోయి, గంధకము చేర్చిన లేపనమును తానే అమ్మ నారంభించెను. తలను తఱచుగా కడుగవలెననియు, కుదుళ్లను శుభ్రముగ నుంచవలెననియు బోధించెను. 1906లో చార్లెస్ వాకర్‌ను వివాహమాడి, మేడమ్ వాకర్ అను పేర ప్రసిద్ధురాలయ్యెను. 1910లో ఇండియానాపొలిస్ నగరమున కర్మాగారమును నెలకొల్పెను.

కాచిన దువ్వెనతో జుట్టును సాపుచేయుట ఆమె పద్ధతిలో నొక భాగము. అది తెల్లవారి ననుకరించుటయే యని కొందఱు నిందించిరి. జుట్టును ఆరోగ్యముగ పెంచుటయే తన ధ్యేయమని ఆమె బదులు చెప్పెను.

1912లో షికాగో నగరమున నల్లజాతి వర్తకుల మహాసభ జరిగెను. అధ్యక్షుడైన బుకర్ టి. వాషింగ్టన్ ఆమెకు మాటలాడ అవకాశ మీయలేదు. ఆమె తానే లేచి నిలిచి, ప్రత్తిచేలనుండి బట్టల తొట్టికిని, అచటినుండి వంటయింటికిని, తుదకు స్వంత కర్మాగారమునకును తాను చేరిన విధమును సభకు వినిపించెను. మఱుసటి యేడు ఆయనయే ఆమెను ఉపన్యాసకురాలుగా సభకు పరిచయము చేసెను.

తన లేపనముల నమ్ముటకు వేలకొలది స్త్రీలకు శిక్షణ యిప్పించెను. ఇతరుల యిండ్ల చాకిరి చేసి బ్రదికిన వారనేకులు స్వంత సంపాదనతో తలయెత్తి నిలిచిరి. ఆర్జించిన ధనమును విద్యాలయములకు, అనాథాశ్రమములకు ఆమె విరివిగా నొసగెను. తనవారిని మూకలు విచారణ లేక చంపుచుండగా, 1917లో ఆ ఘోరమును మాన్పుమని కోరుటకు ఇతర నాయకులతో కూడి అధ్యక్షభవనమునకు పోయెను. 1919 మే 25వ తేదీన పరమపదించెను.

తన కష్టమును తీర్చుకొని మేడమ్ వాకర్ అంతటితో తృప్తిపడలేదు. అదే కష్టములోనున్న సోదరీమణులను చేయిపట్టి నడిపించెను. ఆమె కీర్తికి మూలము సంపద కాదు, ఈ గుణమే.